నాలుగు కెమెరాలు, ఐదు రోజులు

మొదటి రోజు: సోమవారం, 2019 జనవరి 21

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లంతా మద్రాసు తిరిగి చేరుతున్న వారం. నేను వాళ్లకు ఎదురు ప్రయాణం పెట్టుకుని మధ్యాహ్నం సెంట్రల్‌లో పినాకిని ఎక్కాను. ఒళ్లో నల్ల సంచి, అందులో రేడియేషన్ కొలిచే సర్వే మీటర్లు రెండు. సంచి మీద పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు ఉంది. పక్క సీటు పెద్దాయన దాన్ని కాసేపు పరిశీలనగా చూసి, "ఫ్యాన్ల కంపెనీలో పని చేస్తారా బాబూ?" అని అడిగాడు. ఔనన్నాను. నిజం చెబితే ఆయన సీటు మారేవాడు.

అప్పట్లో నా పని రేడియోధార్మిక పదార్థాలు వాడే సంస్థల్లో భద్రతా తనిఖీలు. 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలికి ప్రధాన కార్యాలయం ముంబయిలో, ప్రాంతీయ కేంద్రాలు చెన్నై, కోల్‌కతా, ఢిల్లీల్లో ఉన్నాయి. ఆస్పత్రిలో కోబాల్టు యంత్రమైనా, ఫ్యాక్టరీ గొట్టానికి బిగించిన సీజియం గేజీ అయినా, వెల్డింగు అతుకుల్ని పరీక్షించే ఇరిడియం కెమెరా అయినా మండలి అనుమతి ఉండాలి, ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. ఆస్పత్రి కదలదు, గేజీ కదలదు. కెమెరా కదులుతుంది. తలనొప్పంతా దానితోనే.

ఈసారి సంగతి వేరు. అతుకుల్ని అలా పరీక్షించే ఒక రేడియోగ్రఫీ సంస్థకు నాలుగు కెమెరాలున్నాయి. కాగితాల ప్రకారం గుజరాత్‌లోని దహేజ్‌లో ఒకటి, ఒడిశాలోని పారాదీప్‌లో ఒకటి, మా నెల్లూరు జిల్లా కావలి దగ్గర పైపులైను పనిలో రెండు. ఏడాదిలో మూడు చోట్లా వేర్వేరు అధికారులు తనిఖీ చేశారు. మూడు నివేదికలూ ముచ్చటగా ఉన్నాయి. కోల్‌కతా సహోద్యోగి ఒకాయనకు మరీ అంత ముచ్చటగా ఉండడమే నచ్చలేదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, మూడు చోట్లా చూపించిన సర్వే మీటరు నంబరు ఒకటే. సేఫ్టీ ఆఫీసరూ ఒక్కడే. తనిఖీ కబురు అందగానే ఆ మనిషీ, ఆ మీటరూ రైలెక్కి మాకంటే ముందే అక్కడ దిగేవాళ్లన్నమాట.

దానికి విరుగుడు ఒకటే తోచింది. బుధవారం ఉదయం పది గంటలకు, కబురు లేకుండా, మూడు రాష్ట్రాల్లో ఒకేసారి వెళ్లి నిలబడడం. మనిషి రైలెక్కగలడు కానీ ఒకేసారి మూడు రైళ్లు ఎక్కలేడు కదా.

గూడూరు దగ్గరికి వచ్చాం. ఆ చుట్టుపక్కల మైకా గనుల రాళ్లలో సమర్‌స్కైట్ అనే నల్లని ఖనిజం దొరుకుతుంది, అందులో యురేనియం ఉంటుంది. అలాంటి భూమిలో పుట్టినవాళ్లం, మూడు రెక్కల గుర్తు చూసి ఫ్యాననుకుంటాం.

నెల్లూరులో దిగి, స్టేషను దగ్గరి మెస్సులో చేపల పులుసు తిన్నాను. మామిడికాయ వేసినా ఏదో వెలితిగా ఉంది. వడ్డించేవాడికే చెప్పాను. "ఈ పొద్దు కాచింది సార్. రేపు పొద్దున రండి, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు.

రెండో రోజు: మంగళవారం

పొద్దున్నే వెళ్లాను. వాడు చెప్పింది నిజం.

నా సహాయ అధికారిణి రాత్రి బస్సులో వచ్చి చేరింది. కనిగిరి అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆమెకు ఇది సొంత జిల్లాలవైపు మొదటి తనిఖీ. అద్దె కారు డ్రైవరు కోవూరు మనిషి, నలభై ఏళ్లుంటాయి. సంచి మీద గుర్తు చూడగానే, "ఇది మా అమ్మకు మద్రాసులో కరెంటు పెట్టిన గది తలుపు మీద ఉండేది సార్" అన్నాడు. మన వైపు రేడియేషన్ చికిత్సకు జనం పెట్టుకున్న పేరు అదే, కరెంటు పెట్టడం. ఆ మాటను నేనెప్పుడూ దిద్దలేదు. "అమ్మ ఎలా ఉన్నారు?" అంటే, "చేపలు తోముతోంది సార్, ఏడేళ్లయింది" అన్నాడు.

ఆ రోజు పని రేపటికి ముసుగు. పొగతోటలో ఆస్పత్రుల తనిఖీకి వచ్చామనే అందరూ అనుకోవాలి. పొగతోట సంగతి తెలిసిందేగా, ఎటు చూసినా నర్సింగు హోములూ ల్యాబులూ మందుల షాపులే. ఒక క్యాన్సరు ఆస్పత్రిలో పాత కోబాల్టు యంత్రం చూశాం. కోబాల్టు-60 అర్ధాయువు, అంటే దాని ధాటి సగానికి పడిపోయే కాలం, 5.27 ఏళ్లు. సోర్సు, అంటే కిరణాలిచ్చే ఆ కోబాల్టు, కొత్తగా ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో అయిపోయే చికిత్సకు ఇప్పుడు నాలుగు నిమిషాలు పడుతోంది. చికిత్స నడుస్తున్నట్టు యంత్రం పెట్టి, మా అమ్మాయి బయటి నుంచి తలుపు తెరవబోయింది. తలుపు వేలెడు కదలగానే సోర్సు లోపలికి పోయి ఎర్రదీపం ఆరింది. అంతా సవ్యంగా ఉంది.

తర్వాత ఒక ఎక్స్‌రే సెంటరు. ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థమేమీ ఉండదు, స్విచ్ కట్టేస్తే కిరణాలూ పోతాయి. అయినా అనుమతి కావాలి. సీసం ఆప్రాన్ కోసం చూస్తే, ఇస్త్రీ పంచెలా నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచారు. దాన్ని మడవకూడదు. మడత దగ్గర లోపలి సీసం పొర బీటలు వారుతుంది, పైకి కనిపించదు. కొక్కేనికి వేలాడదీయాలి. "దుమ్ము పడుతుందని" అన్నాడు టెక్నీషియన్ కుర్రవాడు. వాడి ఛాతీ మీద బ్యాడ్జీ లేదు.

ఆ బ్యాడ్జీ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. లోపల మూడు చిన్న బిళ్లలుంటాయి. ఒంటికి తగిలిన మోతాదును అవి గుర్తుపెట్టుకుంటాయి. మూడు నెలలకొకసారి ప్రయోగశాలకు పంపితే, వేడి చేసి అవి వెలువరించే వెలుగును బట్టి లెక్క చెబుతారు. కుర్రవాడి బ్యాడ్జీ యంత్రం గదిలో గోడకు మేకుకు తగిలించి ఉంది. పోగొడితే జీతంలో కోస్తారట, అందుకని ఇంటికి తీసుకెళ్లడు, అసలు తొడుక్కోడు. మూడు నెలలుగా ఆ గోడ ఎన్ని ఎక్స్‌రేలు తీయించుకుందో అన్నీ ఆ కుర్రవాడి ఖాతాలో పడ్డాయి. వాడి అసలు మోతాదు మాత్రం ఎవరికీ తెలియదు. మా అమ్మాయి మేకు పీకేయించింది. యజమాని వైపు తిరిగి ఇంకా కొన్ని మాటలంది. అవి నివేదికలో రాయలేదు.

మూడో రోజు: బుధవారం

హైవే మీద కావలి యాభై కిలోమీటర్లుంటుంది. తొమ్మిదిన్నరకే చేరి, సైటుకు కిలోమీటరు ముందు టీ కొట్టు దగ్గర ఆగాం. ఫోనులో ముగ్గురం కలిశాం. పారాదీప్‌లో కోల్‌కతా ఆయన, దహేజ్‌లో ముంబయి ఆయన, ఇక్కడ నేను. పది కొట్టగానే ఫోను పెట్టేసి కదిలాం.

సైటులో రేకుల షెడ్డు, పైపుల గుట్టలు, వాటి వెనక ముళ్లకంచె. కంచెలో కాంక్రీటు పిట్. వాడనప్పుడు కెమెరాల్ని దించి తాళం వేసే గొయ్యి అది. పిట్ మూత మీద దుప్పటి పరుచుకుని ఒక ముసలాయన బీడీ కాలుస్తున్నాడు. కాపలాదారు. మమ్మల్ని చూసి లేచాడు.

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి తాతా?"

మొలతాడు నుంచి రెండు తాళంచెవులు తీసి చూపించాడు. పిట్‌కు రెండు తాళాలు పెట్టేది ఇద్దరు మనుషులుంటే తప్ప తెరుచుకోకూడదని. ఇక్కడ రెండూ ఒకే మొలతాడుకు వేలాడుతున్నాయి.

"లోపల ఏముందో చెప్పారా?"

"కరెంటు డబ్బాలన్నారు బాబూ. ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నారు. నేను ముట్టుకోను. రాత్రి చలికి ఈ బిళ్ల మీదే పడుకుంటా, తేమ లేకుండా బాగుంటుంది."

మా అమ్మాయి మూత మీద మీటరు పెట్టింది. గంటకు 4 మైక్రోసీవర్ట్‌లు. సీవర్ట్ అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత. ప్రమాదకరమైన అంకె కాదు. కానీ రాత్రికి ఎనిమిది గంటల చొప్పున, నెలకు ముప్పై రాత్రులు లెక్కేస్తే 960. సామాన్య పౌరుడికి ఏడాది మొత్తానికి విధించిన పరిమితి ఒక మిల్లీసీవర్ట్, అంటే వెయ్యి మైక్రోసీవర్ట్‌లు. ఏడాది వాటాను ఈయన నెలలో వాడేసుకుంటున్నాడు. ఆ అమ్మాయి లెక్క రెండుసార్లు వేసింది. తర్వాత వంగి దుప్పటి తానే మడిచి పక్కన పెట్టింది.

పిట్ తెరిపించాం. ఒకటే కెమెరా ఉంది. నంబరు చివర 12. రిజిస్టరు ప్రకారం రెండుండాలి, 12, 38.

ఇక్కడ కెమెరా అంటే ఏమిటో చెప్పాలి. హ్యాండిలున్న ఇరవై కిలోల పెట్టె. లోపల మెలికలు తిరిగిన గొట్టం, చుట్టూ కవచంగా యురేనియం. అణు ఇంధనానికి పనికొచ్చే భాగాన్ని చాలావరకు తీసేయగా మిగిలింది, సీసం కన్నా బరువు. ఆ మెలిక నడుమ ఉక్కు తీగ కొసన మిరియపు గింజంత ఇరిడియం-192 ఉంటుంది. దూరం నుంచి చేత్తో తిప్పితే తీగ ఆ గింజను గొట్టంలోంచి బయటికి, పైపు అతుకు దగ్గరికి తోస్తుంది. అతుకుకు అవతల కట్టిన ఫిల్ము మీద లోపలి బొబ్బలూ పగుళ్లూ పడతాయి. వెనక్కి తిప్పితే గింజ కవచంలోకి వస్తుంది. రావాలి. వచ్చిందో లేదో కంటికి తెలియదు, మీటరు పెట్టి చూడాల్సిందే.

వాళ్ల మీటరు అడిగాను. సూపర్‌వైజరు తెచ్చిన దాంట్లో బ్యాటరీలకు తుప్పు పట్టింది. మీటరు సరిగ్గా కొలుస్తోందని చెప్పే క్రమాంకనం సర్టిఫికెట్ మాత్రం నిగనిగలాడుతోంది, కానీ దాని మీది నంబరు వేరే. అదే నంబరు మీటరును కోల్‌కతా ఆయన అదే గంటకు పారాదీప్‌లో చేత్తో పట్టుకుని ఉన్నాడు. సేఫ్టీ ఆఫీసరు కూడా ఆయన ఎదురుగానే నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడట. దహేజ్‌లో పిట్‌కు తాళం ఉంది, తాళంచెవి ఆ సేఫ్టీ ఆఫీసరు జేబులో, అంటే పారాదీప్‌లో ఉంది. పిట్ బయట మీటరు కదులుతోంది కాబట్టి లోపల ఒకటుందని ముంబయి ఆయన రాసుకున్నాడు. నంబరు చదవలేకపోయాడు.

"38 ఎక్కడ?" అని సూపర్‌వైజరును అడిగితే గంటసేపు తమిళం, హిందీ, తెలుగు మూడింట్లోనూ మౌనం వహించాడు. చివరకు "ఒంగోలు వైపు, బాయిలరు పనికి" అన్నాడు. ఏ మిల్లో తనకు తెలియదట. తీసుకెళ్లినవాళ్ల ఫోను స్విచ్ ఆఫ్. ఆ కదలికకు అనుమతి అడగలేదు. మండలి ఆన్‌లైన్ ఖాతాలో ఇంకా కావలి అనే ఉంది.

రిజిస్టరులో నవంబరు 10న ఆ కెమెరాలో 48 క్యూరీల (రేడియోధార్మికతకు కొలత అది) కొత్త సోర్సు ఎక్కించినట్టుంది. ఇరిడియం అర్ధాయువు 74 రోజులు. వేళ్ల మీద లెక్కేస్తే, సరిగ్గా ఆ రోజుకే 74. ఇరవై నాలుగు క్యూరీలు. కవచం బయట అలాంటి గింజకు ఒక మీటరు దూరంలో పది నిమిషాలు నిలబడితే చాలు, ఈ వృత్తిలో ఉన్నవాడికి ఏడాదికి సగటున అనుమతించే 20 మిల్లీసీవర్ట్‌లు నిండుతాయి. జేబులో వేసుకుంటే ఏమవుతుందో చెప్పను. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో విశ్వవిద్యాలయం వదిలించుకున్న కోబాల్టు యంత్రాన్ని విప్పినప్పుడు ఏమైందో నాకు తెలుసు. ఒక మనిషి పోయాడు.

దారి చూపింది మా డ్రైవరే. "బాయిలరు అంటే వెల్డింగు. వెల్డింగు అంటే ఆర్గాన్ సిలిండర్లు కావాలి కదా సార్. మా బావమరిది ఒంగోలులో గ్యాసు బండి తోలతాడు" అన్నాడు. ఫోను కలిపాడు. ఈ వారం ఎక్కువ సిలిండర్లు దింపిన చోట్లు మూడు. వాటిలో మిల్లు ఒక్కటే, టంగుటూరు దాటాక హైవేకు పక్కన.

పోలీసులకు చెప్పి, ఉలవపాడు మీదుగా బయల్దేరేసరికి పొద్దు వాలింది. రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు పూత మీదున్నాయి. ఇంకో రోజైతే దిగి నడిచేవాళ్లం. సింగరాయకొండ దగ్గర మా అమ్మాయి ఇంటికి ఫోను చేసి, "ఒంగోలు వస్తున్నానమ్మా, కానీ ఇంటికి రాను" అని చెప్పడం వినిపించింది.

రేడియోగ్రఫీ పని ఎక్కువగా రాత్రి పూటే చేస్తారు, మిగతా కూలీలు వెళ్లిపోయాక. మిల్లుకు చేరేసరికి తొమ్మిదిన్నర. వెనక ఖాళీ స్థలంలో ఒక జీపు, దాని పక్కన నేల మీద పరిచిన పట్టాలపై ఇద్దరు కుర్రాళ్లు నిద్రపోతున్నారు. నేను మీటరు పట్టుకుని జీపు వైపు నడిచాను. ఇరవై అడుగుల దూరంలో 0.1. మామూలు నేల కూడా ఇచ్చే అంకె అది. పదిహేను అడుగులు, 0.1. పన్నెండు అడుగులు, మళ్లీ 0.1. నోరెండిపోయింది. కెమెరా జీపులో ఉంటే అంకె పెరగాలి. పెరగకపోతే కెమెరా అందులో లేదు, ఇంకెక్కడో ఉంది. ఇంత చీకట్లో, ఇంత స్థలంలో.

మరో రెండు అడుగులు వేశాను. 0.3. తర్వాత 0.9. బంపరు దగ్గర 4. మీటరు టకటకమంటుంటే అంత హాయిగా నాకెప్పుడూ అనిపించలేదు.

ఫిల్ము డబ్బాల కింద, ఎవరిదో చాప కింద ఉంది కెమెరా. నంబరు పలక మీద ఎర్రమట్టి గట్టిపడి ఉంది. డ్రైవరు భుజం మీది తువ్వాలు తడిపి ఇచ్చాడు. మా అమ్మాయి టార్చి వేసి, రుద్ది, చదివింది. ఆగి, మళ్లీ రుద్దింది.

"సార్, 38 కాదు. 27."

27 దహేజ్‌లో ఉండాల్సిన కెమెరా.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. జీపు చుట్టూ తాడు కట్టి, గుర్తులు తగిలించి, కుర్రాళ్లను దూరంగా పంపి, కారులో కూర్చున్నాం. దహేజ్ ఆయనకు ఫోను చేస్తే, తాళం పగలగొట్టడానికి అనుమతి తెల్లవారితే గాని రాదన్నాడు. లెక్క ప్రకారం నాలుగు కెమెరాలూ ఉన్నాయి. కానీ దహేజ్ పిట్‌లో మీటరును కదిలిస్తున్నది 38 అని ఇంకా ఎవరూ కళ్లతో చూడలేదు. అది కాకపోతే?

డ్రైవరు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు. "మా అమ్మకు కరెంటు పెట్టేటప్పుడు, గదిలోంచి అందరూ బయటికొచ్చేసి తలుపేసేవాళ్లు సార్. తనొక్కటే లోపల. భయమేసిందా అంటే, లోపల ఉన్నదేమిటో వాళ్లకు బాగా తెలుసు కాబట్టే కదరా బయటికి పోయారు, ఇక నాకెందుకు భయం, అనేది."

నాలుగో రోజు: గురువారం

పదకొండు గంటలకు దహేజ్ నుంచి ఫొటో వచ్చింది. తుడిచిన పలక, దాని మీద 38. మా అమ్మాయి ఒక్క అక్షరం మాట్లాడకుండా కారు దిగి, కాస్త దూరం నడిచివెళ్లి తిరిగొచ్చింది.

జరిగింది చిన్న పొరపాటే. నవంబరులో కొత్త సోర్సులు ఎక్కించడానికి రెండు కెమెరాలు ఒకే వారం ముంబయి వెళ్లాయి. తిరుగు ప్రయాణంలో తారుమారయ్యాయి. రెండున్నర నెలలుగా రెండు సైట్లలోనూ ప్రతి సాయంత్రం రిజిస్టరులో నంబరు రాసి సంతకం పెడుతూనే ఉన్నారు. పై పేజీ చూసి రాస్తున్నారు, పెట్టె చూసి రాయడం లేదు. మా వాళ్లు కూడా మధ్యలో ఒకసారి వెళ్లి ఆ రిజిస్టరు చూసి బాగుందని రాశారు. అది ఎవరో ఇక్కడ చెప్పను. అక్షరాలు నావే.

కెమెరాను శిక్షణ ఉన్న ఆపరేటరుతో, పసుపు లేబులు అతికించి, మా కారు వెనకే కావలి పంపాం. పనులు ఆపమని మూడు ప్రాంతాల నుంచి ఒకే ఉత్తరం వెళ్లింది. దాని మాటలు కుదర్చడానికే ఫోనులో మూడు గంటలు పట్టింది. "వెంటనే" అనే మాట దగ్గర కోల్‌కతా, ముంబయి పేచీ పడ్డాయి. నేను మధ్యలో కాసేపు నిద్రపోయాను.

సాయంత్రం ఖాళీ దొరికితే చీమకుర్తి వెళ్లాం. రాళ్ల యార్డులో గెలాక్సీ గ్రానైటు దిమ్మెల మీద, సరదాకి, మీటరు పెట్టాను. ఏమీ పెరగలేదు. నల్లరాయి స్వభావమే అంత. పేరుకు గ్రానైటు గాని నిజానికి గాబ్రో, పొటాషియం, థోరియం తక్కువ. యార్డు యజమాని కంగారుగా వచ్చి, "ఏమైనా ఉందా సార్?" అన్నాడు. లేదంటే, "కాగితం రాసిస్తారా, బయటి దేశాల పార్టీలకు చూపిస్తా" అన్నాడు. చేతులు జోడించి కారెక్కాను.

ఐదో రోజు: శుక్రవారం

ఉదయం ఒంగోలులో మళ్లీ పినాకినే ఎక్కాను. మా అమ్మాయి కావలిలోనే ఉండిపోయింది, రెండు కెమెరాలూ పిట్‌లోకి చేరి రెండు తాళాలు ఇద్దరి చేతుల్లోకి వెళ్లేదాకా. రైలు కావలి దాటుతుంటే ఫోను చేశాను.

"తాత మంచం వేపచెట్టు కిందికి మార్పించాను సార్. చలి ఎక్కువగా ఉందని గొడవ. ఆ బిళ్ల మీదైతే వెచ్చగా ఉండేదట."

"దుప్పటి ఒకటి కొనివ్వమ్మా."

"కొన్నాను సార్, రెండు. బిల్లు ఏ పద్దు కింద రాయాలి?"